వాకిట్లో వేసే కుర్చీకి ఎండావానల పరీక్ష

ఎండాకాలం సాయంత్రం ఫ్యాను గాలి కూడా వేడిగా కొడుతుంటే ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వస్తారు. లాల్‌దర్వాజా, గౌలిపురా, శాలిబండ వంటి పాతబస్తీ పేటల్లో ఇళ్ళు చిన్నవి, వాకిళ్ళు ఇంకా చిన్నవి. అయినా ఒక జామచెట్టో, వేపచెట్టో, నాలుగు మల్లె కుండీలో పెట్టుకున్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆషాఢమాసంలో గోల్కొండ బోనాలు, సికిందరాబాదు బోనాలు అయ్యాక మన సింహవాహిని మహంకాళి గుడి బోనాలు వస్తాయి. అప్పుడు ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు. "వాకిట్లో కూర్చోవడానికి ఏదైనా కొనాలి" అనే మాట ఇంట్లో వినపడేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? రంగు బాగుందా, ధర తక్కువా, పక్కింటివాళ్ళది ఎలా ఉంది - ఈ మూడే చూస్తాం. ఇది చాలదని నా అభిప్రాయం. గదిలో వేసే కుర్చీ వేరు, ఆరుబయట వేసే కుర్చీ వేరు. ఆరుబయట కుర్చీ మీద మనం రోజుకు ఒక గంట కూర్చుంటే, ఎండ పది గంటలు కూర్చుంటుంది. వానాకాలంలో వాన రాత్రంతా కూర్చుంటుంది. కాబట్టి ఆ ఇద్దరి సంగతి ముందు తెలుసుకోవాలి. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. మీ తరగతి పుస్తకాల్లో ఉన్న భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చాలు.

ఎండ ఏం చేస్తుంది?

మే నెల మధ్యాహ్నం ఒక ఇనుప కుర్చీ, ఒక చెక్క పీట పక్కపక్కనే ఎండలో ఉన్నాయనుకోండి. ఇనుప కుర్చీని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. చెక్క పీట అంత కాలదు. రెండూ ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉన్నా ఈ తేడా ఉంటుంది. కారణం ఉష్ణవాహకత. ఇనుము చెక్క కంటే కొన్ని వందల రెట్లు వేగంగా వేడిని మన చేతికి అందిస్తుంది. అల్యూమినియం ఇనుము కంటే కూడా మంచి వాహకం. అది తుప్పు పట్టదు, తేలిక కూడా. ఇనుము సాంద్రత 7.9 అయితే అల్యూమినియం సాంద్రత 2.7 మాత్రమే. కాని నీడ లేని చోట వేస్తే మధ్యాహ్నం దాని మీద ఎవరూ కూర్చోలేరు.

మరి రాయి? మన హైదరాబాదు నిలుచున్నదే గ్రానైటు మీద. ఆ రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఎండా వానా దానికి కొత్త కాదు. అయితే దానిలో ఒక గుణం ఉంది. అది వేడిని దాచుకుంటుంది. లెక్క వేసి చూద్దాం. 150 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న ఒక రాతి బల్లను తీసుకోండి. సాంద్రత 2.7 కాబట్టి దాని బరువు సుమారు 90 కిలోలు. విశిష్టోష్ణం సుమారు 0.2. పగటి ఎండకు అది 20 డిగ్రీలు వేడెక్కిందంటే, దానిలో చేరిన వేడి 90 × 0.2 × 20, అంటే 360 కిలోకాలరీలు. 25 డిగ్రీల దగ్గర ఉన్న దాదాపు 5 లీటర్ల నీళ్ళను మరిగించడానికి ఆ వేడి సరిపోతుంది! పొద్దు గూకిన తరువాత కూడా రాతి అరుగు వెచ్చగా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైంది కదా.

దీనికి మందు కూడా మన పెద్దవాళ్ళకు తెలుసు. సాయంకాలం వాకిట్లో, అరుగు మీద నీళ్ళు చల్లుతారు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకాలరీల వేడి కావాలి. ఆ వేడిలో చాలా భాగం రాతి నుంచే వస్తుంది. అంటే లెక్క ప్రకారం ఆ బల్లను చల్లబరచడానికి ముప్పావు లీటరు నీళ్ళు కూడా అక్కర్లేదు. కొంత వేడిని నీరు గాలి నుంచి కూడా తీసుకుంటుంది కాబట్టి ఒక చెంబెడు అనుకుందాం. చెంబెడు నీళ్ళతో బల్ల చల్లబడడానికి కారణం బాష్పీభవన గుప్తోష్ణం. పాఠంలో ఆ మాట చూసి భయపడేవాళ్ళు సాయంత్రం అరుగు మీద చెయ్యి పెట్టి చూడండి.

షాబాదు బండ గురించి కూడా ఒక మాట. అది, తాండూరు బండ రెండూ సున్నపురాళ్ళు. అవి గ్రానైటు కంటే చవక, చదునుగా పలకలుగా దొరుకుతాయి. కాని సున్నపురాతికి ఆమ్లం పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు పడి నిలిస్తే మచ్చ పడుతుంది. భోజనాలు కూడా వాకిట్లోనే చేసే ఇల్లయితే బల్ల మీదికి గ్రానైటు, కింద నేలకు షాబాదు బండ వాడుకోవడం మేలు.

వాన ఏం చేస్తుంది?

మన నగరంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. ఇనుముకు శత్రువు ఒక్క నీరే కాదు, ఒక్క గాలే కాదు. ఆ రెండూ కలిసి దానిని తుప్పుగా మారుస్తాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద ఒక చిన్న గీత దగ్గర తుప్పు మొదలైతే, అది లోపల నుంచి రంగును పైకి తోసి పొక్కులు లేపుతుంది. పైన మళ్ళీ రంగు పూసినా లోపలి తుప్పు ఆగదు. గరుకు కాగితంతో దానిని పూర్తిగా గీకిన తరువాతే రంగు వెయ్యాలి.

ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం 1600 ఏళ్ళుగా ఎండావానల్లో నిలిచి ఉంది కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉంది. దానివల్ల స్తంభం మీద ఒక పలుచని రక్షక పొర ఏర్పడిందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. బజారులో మనం కొనే ఇనుప కుర్చీలో అలాంటి భాస్వరం ఉండదు. దానికి రక్షణగా జింకు పూత వేయించవచ్చు. జింకు ఇనుము కంటే చురుకైన లోహం. పూతకు గీత పడినా ముందు జింకే కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. కొనేటప్పుడు "జింకు పూత ఉందా, ఉత్త రంగేనా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో దుకాణదారుకు మీరు తెలిసినవాళ్ళని అర్థమవుతుంది.

ఇనుప కుర్చీలు ఎక్కడ పాడవుతాయో గమనించారా? కూర్చునే చోట కాదు, కాళ్ళ అడుగున. తడి మట్టిలో నిలబడ్డ గొట్టపు కాళ్ళలోకి కింది నుంచి తేమ చేరుతుంది. లోపల పట్టే తుప్పు మన కంటికి కనపడదు. ఒకనాడు ఎవరో బరువైన మనిషి కూర్చోగానే కాలు పుటుక్కున విరుగుతుంది. కాళ్ళకు రబ్బరు తొడుగులు వేసి, ఒక్కొక్క కాలి కింద ఒక బండముక్క పెడితే కుర్చీ ఆయుష్షు ఎంతో పెరుగుతుంది. తొడుగులో నీరు నిలవకుండా చిన్న రంధ్రం ఉంచడం మరచిపోకూడదు.

కర్ర, చెదలు, ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు

కర్ర అంటే చెట్టు కాండం. చెట్టు బతికి ఉన్నప్పుడు వేళ్ళ నుంచి నీటిని పైకి తీసుకుపోయిన సన్నని నాళాలు కుర్చీ కాలులో కూడా అలాగే ఉంటాయి. అందుకే కోసిన అడుగు భాగం నుంచి నీరు తొందరగా పైకి ఎక్కుతుంది. తడి నిలిస్తే బూజు పడుతుంది. మట్టిని తాకితే చెదలు వస్తాయి. కర్రలోని సెల్యులోజును మనం అరిగించుకోలేము. చెదలు అరిగించుకుంటాయి. కొన్ని జాతుల కడుపులో ఉండే సూక్ష్మజీవులు, మరికొన్ని జాతులు పుట్టలో పెంచుకునే బూజు వాటికి ఆ పని చేసిపెడతాయి.

ఆదిలాబాదు అడవులకు పేరు తెచ్చిన టేకు ఎందుకు అంత గొప్పది? దాని చేవలో ఉండే నూనెలు, కొన్ని రసాయనాలు చెదలకు, బూజుకు పడవు. అయితే చేవ వేరు, పై తెల్లకర్ర వేరు. తెల్లకర్రతో చేసిన టేకు కుర్చీ పేరుకే టేకు. వేపకర్ర, నల్లతుమ్మ కూడా గట్టివే. ఎడ్లబండ్లకు నల్లతుమ్మను వాడేది ఆ గట్టిదనం చూసే. మామిడి కర్ర మాత్రం ఆరుబయటకు పనికిరాదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర చెక్కడానికి ఎంత సులువో, వానలో పాడవడానికి అంత సులువు. వెదురు గడ్డిజాతి మొక్క, పేము తాటిజాతి తీగ. ఈ రెండూ వరండాలో బాగుంటాయి కాని వానలో ఉండలేవు. వెదురులో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి దానికి పురుగు పడుతుంది. నీళ్ళలో కొన్ని వారాలు నానబెట్టి ఆరబెడితే ఆ పిండి చాలావరకు పోతుంది.

కర్రను కాపాడే పనిలో ప్రపంచమంతా వాడిన ఒక మందును కనిపెట్టినవాడు శొంఠి కామేశం. ఇంటిపేరు చూస్తేనే మనవాడని తెలుస్తుంది. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేస్తూ 1933లో ఆయన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి ఈ మందును తయారు చేశాడు. 1934లో బ్రిటన్‌లో దానికి పేటెంటు వచ్చింది. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగులను చంపుతుంది, క్రోమియం ఆ రెండింటినీ కర్రకు అతుక్కునేట్టు చేస్తుంది. ఎంత చక్కని ఆలోచన! ఈ మందు పట్టించిన కర్రతో అనేక దేశాల్లో స్తంభాలు, కంచెలు, తోట బల్లలు, పిల్లల ఆటస్థలాల సామాను చేశారు.

కాని ఆర్సెనిక్ విషం. పిల్లలు ఆ బల్లలను ముట్టుకుని అదే చేతిని నోట్లో పెట్టుకుంటారు కదా అనే ఆందోళన తరువాత వచ్చింది. అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ళ వాకిళ్ళకు, తోట బల్లలకు, ఆట సామానుకు ఈ మందును వాడడం మానేశారు. దీనివల్ల కామేశం గొప్పతనం తగ్గదు. ఆయన మందు కోట్ల చెట్లను నరకకుండా కాపాడింది. ఒక వస్తువు స్తంభానికి మంచిదైనంత మాత్రాన బువ్వ తినే బల్లకు కూడా మంచిది కానక్కర్లేదని మాత్రమే దీని అర్థం. పాత సామాను బజారులో పచ్చని చాయ ఉన్న పాత స్తంభాల కర్ర చవకగా దొరికితే దానితో బల్ల చేయించకండి. నీళ్ళ పొయ్యిలో పెట్టి అసలే కాల్చకండి. పొగలోకి, బూడిదలోకి ఆర్సెనిక్ వస్తుంది.

ప్లాస్టిక్ కుర్చీ నేరమేమిటి?

తెల్ల ప్లాస్టిక్ కుర్చీ లేని ఇల్లు ఇవాళ మన బస్తీలో లేదనే చెప్పాలి. దాని కథ కూడా వినదగ్గదే. ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ మాసొనే 1972లో ఇలాంటి కుర్చీని ఒకే అచ్చులో, రెండు నిమిషాల లోపు తయారయ్యేట్టు రూపొందించాడు. కరిగించిన పాలీప్రొపిలీన్‌ను ఒత్తిడితో అచ్చులోకి పంపుతారు, చల్లబడగానే కుర్చీ బయటికి వస్తుంది. అతుకు లేదు, మేకు లేదు. రెండున్నర, మూడు కిలోల కుర్చీ నిండు మనిషిని మోస్తుంది. ఇది ఇంజనీరింగు గొప్పతనమే. నేను దానిని తిట్టను.

దాని కష్టమంతా ఎండతోనే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్ అణువుల పొడవాటి గొలుసులను తెంపుతాయి. కుర్చీ మెరుపు పోతుంది, వేలితో రాస్తే సుద్దలాంటి పొడి అంటుతుంది, తరువాత సన్నని పగుళ్ళు వస్తాయి. అప్పుడు అది విరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. తాతగారు కూర్చున్నప్పుడు వెనక కాళ్ళు పక్కలకు జారి విరిగితే తుంటి ఎముకకు ప్రమాదం. ఆ రాలిన పొడి మట్టిలో, మోరీలో కలిసి ఎన్నో ఏళ్ళు ఉంటుంది. మంచి కుర్చీల్లో ఈ కిరణాలను తట్టుకునే పదార్థాలు కలుపుతారు, చవకవాటిలో వాటిని తగ్గిస్తారు. పేములాగా అల్లిన ప్లాస్టిక్ తీగల కుర్చీలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. కాబట్టి ప్లాస్టిక్ కుర్చీ ఉంటే వాడుకోండి, కూర్చున్నాక లోపలికి తెచ్చుకోండి. వేలికి పొడి అంటిందంటే పెద్దలను దాని మీద కూర్చోనివ్వకండి.

దోమకు కూడా కుర్చీ కావాలి

1897 ఆగస్టు 20న మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అలాంటి ఊరిలో ఉంటూ దోమను మరచిపోవడం మనకు తగదు. డెంగ్యూను మోసే ఏడిస్ దోమకు చెరువు అక్కర్లేదు. పళ్ళెమంత నీరు చాలు. గుంటగా ఉన్న కుర్చీ సీటు, మూత లేని గొట్టపు కాలు, బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ మడత - ఇవన్నీ దానికి ప్రసూతి గదులే. గుడ్డు నుంచి దోమ కావడానికి వానాకాలంలో వారం, పది రోజులు సరిపోతాయి. సీటుకు నీరు కారిపోయే రంధ్రాలు, బల్లకు పలకల మధ్య సందులు ఉండాలి. వారానికి ఒకసారి అన్నిటినీ బోర్లించి ఆరబెట్టాలి.

కూర్చునేది ఎవరు?

ఈ ప్రశ్న దుకాణంలో ఎవరూ అడగరు. నులక మంచం గాలి ఆడే చక్కని సాధనం. వీపు కింద నుంచి కూడా చెమట ఆవిరవుతుంది కాబట్టి చల్లగా ఉంటుంది. కాని మోకాళ్ళ నొప్పి ఉన్న నానమ్మకు దానిలోనుంచి లేవడం కష్టం. ఎందుకంటే కూర్చున్నప్పుడు మన గురుత్వ కేంద్రం పాదాలకు వెనక ఉంటుంది. లేవాలంటే దానిని పాదాల మీదికి తేవాలి. నమ్మకం లేకపోతే వీపు నిటారుగా, పాదాలు ముందుకు పెట్టి కూర్చుని, ముందుకు వంగకుండా లేవడానికి ప్రయత్నించండి. లేవలేరు! సీటు ఎంత పల్లంగా ఉంటే ఈ పని అంత కష్టం. పెద్దవాళ్ళకు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు సీటు, పట్టుకుని లేవడానికి చేతులు ఉన్న కుర్చీ కావాలి. వాకిట్లో వేసే వస్తువుల్లో కనీసం ఒక్కటైనా ఇంట్లోని పెద్దవారి కొలతకు ఉండాలి.

నా సలహా

సొంత ఇల్లు ఉన్నవాళ్ళు చెట్టు నీడన ఒక రాతి బల్ల, దానితోపాటు అవసరం కొద్దీ లోపలికి తెచ్చుకునే ఒకటి, రెండు తేలిక కుర్చీలు పెట్టుకుంటే చాలు. నాలుగు కుర్చీలు, గాజు బల్ల, గొడుగు కలిసిన పెద్ద సెట్టు మన వాకిళ్ళకు తగదు. అది పెట్టిన చోట మనుషులకు నడిచే దారి ఉండదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ న్యాయమైనవే. మొదటిది, అద్దె ఇంటివాళ్ళు 90 కిలోల రాతిని ఎక్కడికి మోసుకుపోతారు? నిజమే. వారికి జింకు పూత ఉన్న మడత కుర్చీయో, నులక మంచమో మంచిది. రెండవది డబ్బు. 500 రూపాయల కుర్చీ రెండేళ్ళు వస్తుందనుకుందాం, 3000 రూపాయల బల్ల 30 ఏళ్ళు వస్తుందనుకుందాం. మొదటిది ఏడాదికి 250 రూపాయలు, రెండవది 100 రూపాయలు. లెక్కకు రెండవదే చవక. కాని ఒకేసారి 3000 చేతిలో లేనివాళ్ళు ఏం చేస్తారు? లేనివాడు ఎక్కువ ఖర్చు పెట్టవలసి రావడం ఈ లెక్కలోని అన్యాయం. అలాంటివారికి నేను చెప్పేది ఒక్కటే. పాత కర్ర కుర్చీ ఉంటే పారెయ్యకండి. కాళ్ళ అడుగుకు రంగు దట్టంగా పట్టించి, నులకో, నవారో కొత్తగా వేయించుకోండి. బాగుచేసుకున్న వస్తువు కంటే చవక వస్తువు లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివరకు చెబుతున్నాను. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్ లింగంపల్లి అని మన నగరంలో ఎన్ని బాగులున్నాయో చూడండి. తోటలు పోయి పేర్లు మిగిలాయి. ఇప్పుడు కుర్చీలు వెయ్యడానికి చదునుగా ఉండాలని వాకిలంతా సిమెంటు పరిచి, ఉన్న ఒక్క చెట్టునూ కొట్టించేవాళ్ళు కనిపిస్తున్నారు. ఇది తలకిందుల పని. చెట్టు నీడలో ఇనుము కాలదు, ప్లాస్టిక్ త్వరగా పగలదు, రాయి మరగదు. చెట్టు ఆకుల నుంచి నీటిని ఆవిరి చేస్తూ చుట్టూ గాలిని కూడా చల్లబరుస్తుంది. చెట్టు మొదట్లో వదిలిన మట్టి వాననీటిని తాగుతుంది. వాకిలికి కావలసిన మొదటి సామాను చెట్టు. కుర్చీ ఆ తరువాత.

మీరు చేసి చూడండి

1. మూడు మేకులు తీసుకోండి. ఒకటి పొడి సీసాలో, ఒకటి మంచినీళ్ళలో, ఒకటి ఉప్పునీళ్ళలో పెట్టి వారం రోజులు రోజూ ఏం కనిపించిందో రాయండి.

2. ఒక స్టీలు గరిటె, ఒక చెక్క గరిటె, ఒక ప్లాస్టిక్ గరిటె అరగంట ఎండలో ఉంచి ఒక్కొక్కదానిని వేలి కొసతో తాకండి. ఏది ఎక్కువ కాలింది? ఎందుకు?

3. షాబాదు బండ ముక్కను గీకి పొడి చేసి దాని మీద నిమ్మరసం చుక్కలు వెయ్యండి. బుడగలు వస్తాయా? ఆ వాయువు ఏమిటి?

4. మీ వీధిలో పది ఇళ్ళ వాకిళ్ళు చూడండి. ఏ వస్తువు దేనితో చేసింది, ఎన్నేళ్ళది, ఎక్కడ పాడైంది, నీరు ఎక్కడ నిలిచింది - పట్టిక తయారు చెయ్యండి. ఆ పట్టికను మీ ఇంట్లో పెద్దలకు చూపించండి. ఈసారి బోనాలకు ఏం కొనాలో మీరే వారికి చెప్పగలుగుతారు.